త్రిష కంట్లో గొట్టం

బోడినాయకనూరులో యాలకుల మండి నడిపే మా పక్కింటి గోమతికి జల్లెడతో పనిలేదు. గుప్పెడు కాయలు చాట మీద విదిలించి, ఏది లావుకాయో ఏది పొల్లుకాయో చూపుతోనే చెప్పేస్తుంది. ముప్పై ఏళ్లుగా లావుకాయే మేలని నమ్మిన మనిషి. అదే లెక్క మనుమరాలి కళ్లకూ వేసింది. అక్కడే కొంప మునిగింది.

త్రిషకు ఏడాది నిండేసరికి కళ్లు ఇంతింత పెద్దవయ్యాయి. వచ్చినవాళ్లంతా మెచ్చుకునేవారు, గోమతి మురిసిపోయేది. వాకిట్లోకి తెస్తే మాత్రం పిల్ల వెలుతురు ఓర్వలేక తల్లి భుజంలో మొహం దాచుకునేది, కళ్ల నుంచి నీళ్లు కారేవి. డాక్టరుకు చూపిద్దామని కోడలు సుగంధి ఎన్నిసార్లు అన్నా అత్త కొట్టిపారేసింది.

"పాప కండ్లకు ఏమీ లేదు. చూసినోళ్ల దిష్టి, అంతే," అని ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకు పిల్ల ఇంకా ఏడ్చింది. ఆమెకు ఎదురు చెప్పే ధైర్యం మా వీధిలో ఎవరికీ లేదు, నాతో సహా.

నల్లగుడ్డు మసకబారాక గానీ మదురై కంటి ఆస్పత్రికి వెళ్లలేదు. అది గ్లాకోమా అని డాక్టరమ్మ చెప్పింది. లోపలి నీరు బయటికి పోయే దారి సరిగా లేక ఒత్తిడి పెరిగిందట, పసికన్ను మెత్తన గనుక సాగి పెద్దదైందట. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవాలి. ఎడమ కన్ను ఒక్క ఆపరేషన్‌తో కుదుటపడింది. కుడి కన్ను రెండు ఆపరేషన్లకూ లొంగలేదు. చివరికి తెల్లగుడ్డు పైపొర కింద చిన్న బిళ్ల కుట్టి, దాని నుంచి సన్నని గొట్టం కంటి లోపలికి పెట్టారు. నీరు ఒక్కసారిగా పోకుండా గొట్టాన్ని కరిగే దారంతో కట్టామనీ, ఆరు వారాలకు దారి తెరుచుకుంటుందనీ అన్నారు.

ఆ ఆరు వారాలూ సుగంధి అత్తతో మాట్లాడలేదు. చుక్కల మందు తానే వేసేది, అత్త సీసా ముట్టుకుంటే లాక్కునేది. ఊరందరికీ బుద్ధులు చెప్పే గోమతి నోరెత్తకుండా మండిలో తల వంచుకుని కూర్చునేది. నాకు కోపం తగ్గలేదు గానీ జాలి మాత్రం వేసింది.

ఏడో వారం అత్తాకోడళ్లకు తోడుగా నేనూ మదురై వెళ్లాను. డాక్టరమ్మ చిన్న పరికరం కుడి కంటికి ఆనించి, ఒత్తిడి పద్నాలుగు అంది. ఆపరేషన్‌కు ముందు ముప్పై నాలుగు. గొట్టం బాగా పనిచేస్తోందనీ, చూపించుకుంటూ ఉంటే ఉన్న చూపు నిలుస్తుందనీ తమిళంలో నిదానంగా చెప్పింది. హమ్మయ్య అనుకున్నాను.

గోమతి గోడ వైపు తిరిగి ఏడ్చింది. "నేనే కదా చెడిపితిని, సుగంధీ. పెద్ద కండ్లని ఊరంతా చూపిస్తిని."

మందు వేళైంది. సుగంధి పిల్లను తెచ్చి అత్త ఒడిలో కూర్చోబెట్టి, సీసా మూత తీసి ఆమె చేతిలో పెట్టింది.

"నువ్వే వెయ్యి అత్తా," అంది. "రెప్పను నేను పట్టుకుంటా."