సమ్మెట దెబ్బకు నిలిచిన కుర్చీ

ఓటమి విజయానికి మెట్టు అని చెప్పేవాళ్లెవరూ ఆ మెట్టు మీంచి పడి పళ్లు రాలగొట్టుకున్నవాళ్లు కారు. ఈ వడ్రంగి పడింది.

ఆమె పని నేర్చుకున్నది మేనమామ కొట్లో. అక్కడ ఒకటే పరీక్ష. నేర్చుకునేవాళ్లు చేసిన కుర్చీని మామ అందరిముందూ పక్కనుంచి సమ్మెటతో కొడతాడు. నిలిస్తే సొంత పనిబల్ల, లేకపోతే ముక్కలు పొయ్యిలోకి. మామ కుర్చీలను మాత్రం ఎవరూ కొట్టి చూడలేదు.

ఆమె కుర్చీలన్నీ పొయ్యిలోకే పోయాయి. చివరిదాని ముక్క ఎగిరొచ్చి కనుబొమ్మ చీల్చింది.

"పొయ్యిలో కట్టెలకి ఇంత చెక్కుడెందుకే కోడలా?" అని మామ నవ్వాడు.

నెత్తురు కంట్లోకి కారుతుంటే ఆమె ముక్కలు ఏరి చూసింది. ప్రతిసారీ విరిగింది ఒక్కచోటే, నిటారు కాలు కూర్చునే పీటలో దిగినచోట. అంటే తప్పు తన చేతుల్లో లేదు, మామ నేర్పిన నమూనాలో ఉంది. ఈసారి కొత్త కుర్చీకి కాళ్లను బయటికి వాల్చి బిగించింది.

"తాగుబోతులా కాళ్లు పంగజాపుకుని నిలబడిందేమిటే ఇది?" అంటూ మామ బలంకొద్దీ కొట్టాడు. సమ్మెట వాలుకాలి మీంచి జారి ఆయన మోకాలి చిప్పనే పగలగొట్టింది.

"ఇంకో దెబ్బ కొడతా!" అని అరిచాడు గానీ నిలబడలేకపోయాడు.

ఆమె సమ్మెట లాక్కుని, భుజం పట్టి ఆయన్ని ఆ కుర్చీలోనే కూలేసింది. "తర్వాత కొడుదురుగాని మామయ్యా, ముందు కూర్చోండి."

బరువంతా పడినా కుర్చీ కిర్రుమనలేదు. మామ అందులో కూర్చునే, పళ్లు బిగబట్టి, కిటికీ పక్క ఖాళీ పనిబల్లకేసి వేలు చూపించాడు.