హెడ్డు ఎంచిన బావగారు

మా బావగారంత నిదానమైన మనిషిని నేను చూడలేదు. అక్క బడికి వెళ్ళే స్కూటరుకి ఇంజను మీద మూతలా ఉండే హెడ్డులో ప్లగ్గు బిగించే మరలు అరిగిపోయాయి. కంపెనీ హెడ్డు దొరకలేదు. బయటి రకాల్లోంచి ఒకటి ఎంచాలి. ఆ పని ఆయన తీసుకున్నారు.

తీరిక దొరికినప్పుడల్లా కొవ్వూరు నుంచి వంతెన దాటి రాజమండ్రి వెళ్ళేవాళ్ళం. ఏ హెడ్డు చూపించినా దాని లోపలివైపు గుంటలో బొటనవేలు పెట్టి, కళ్ళు మూసుకుని తిప్పేవారు. "బానే ఉందండి. ఇంకోటి చూపించండి" అనేవారు.

"ఇది వేయించండి, పికప్పు అదిరిపోద్దండి" అని ఒక కొట్టతను బతిమాలాడు.

"కిక్కు గట్టిపడుతుంది కదండీ" అని ఈయన దాన్నీ కింద పెట్టేశారు.

నెల గడిచింది. అక్క ఎండలో నడిచే బడికి వెళుతోంది. నాకు ఓపిక నశించింది.

"హెడ్డుకి పెళ్ళిచూపులేంటండీ బావగారూ?" అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. "గుంట లోతు తక్కువైతే కిక్కు ఎదురు తంతుందయ్యా. బాబు పుట్టాక మీ అక్కకి నడుం నొప్పి. లోతుగా ఉన్నదైతే మెత్తగా స్టార్టవుద్ది."

ఆ సాయంత్రమే అలాంటిది దొరికింది. మర్నాడు బిగించాక అక్క ఒక్క కిక్కుకే బండి స్టార్టు చేసింది. ఆలస్యానికి కారణం అక్కకి నేనే చెప్పాను, కోపం కాస్త మెత్తబడుతుందని.

"నడుం నొప్పని నెల్లాళ్ళు నడిపించారా?" అని ఆయన్నొక చూపు చూసి వెళ్ళిపోయింది.

బావగారు గుమ్మంలోనే నిలబడి, స్కూటరు మలుపు తిరిగేదాకా చెవి ఒగ్గి విన్నారు.

"శబ్దం బాగుంది కదూ" అన్నారు నాతో.