మంద వెనక మనిషి

ఓడ దిగబోయే ముందు నా చొక్కాకు ఒక బిళ్ళ అంటించారు. పచ్చరంగు కాగితం బిళ్ళ, దాని మీద బస్సు నంబరు. అంటించిన పిల్ల నవ్వుతూనే అంటించింది. నాకు నవ్వు రాలేదు. పుంగనూరు సంతలో గొర్రెను కొన్నవాడు దాని వీపు మీద ఇంత రంగు పూస్తాడు, పక్కవాడి మందలో కలిస్తే గుర్తుపట్టడానికి. డెబ్బై దాటిన నాకు రొమ్ము మీద అదే పని చేశారు.

"ఇది యాలమ్మా?" అని అడిగాను.

"మీరు తప్పిపోకుండా సార్" అంది.

నేను తప్పిపోకుండానా, వాళ్ళ చేతుల్లోంచి తప్పించుకోకుండానా?

అసలు నా అనుమానం చెన్నైలో ఓడ ఎక్కినప్పుడే మొదలైంది. ఎక్కీ ఎక్కగానే పాస్‌పోర్టులు తీసి వాళ్ళ దగ్గర పెట్టుకున్నారు. బదులుగా మెడకు ఒక కార్డు తగిలించారు. గది తలుపు తెరవాలన్నా కార్డే, లోపల దీపం వెలగాలన్నా కార్డే. గదిలో కిటికీ ఉందని మురిసిపోయి తెర పక్కకు లాగితే, వెనక గోడకు అంటించిన సముద్రం బొమ్మ! సముద్రం మీద పోయేవాడికి సముద్రం బొమ్మ చూపించే ధైర్యం ఎవడికొస్తుందండీ? పైగా గోడకు ఒక నోటీసు. దాంట్లో కింద చీమ తలకాయంత అక్షరాలు. నేను బడిలో చదువుకున్నవాణ్ణి కాను. అంగడి నుంచి బెల్లం కట్టి తెచ్చిన కాగితాలు, బస్సుల మీది తెలుగు, తమిళ బోర్డులు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకని చిన్న అక్షరాలే ముందు చదువుతాను. ఓడవాళ్ళు ఏర్పాటు చేసిన బస్సులో ఊరు చూడబోతే, వెనక్కి రావడం ఆలస్యమైనా ఓడ మన కోసం ఆగుతుందట. మన అంతట మనం ఆటో మాట్లాడుకుని పోతే ఆగదట. ఇది సలహానా, బెదిరింపా?

నన్నడిగితే ఆ యాత్రకు పోయేవాణ్ణే కాదు. పోయింది మా అక్క కోసం.

మా అక్క మదనపల్లె పక్కన మిషన్ ఆస్పత్రిలో ఆయాగా చేరి, జుట్టు తెల్లబడేదాకా అక్కడే ఉంది. లేవలేని రోగులకు ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, తల పట్టుకుని నీళ్ళు పోయడం ఆమె పని. ఊళ్ళో ఆ పని గురించి ఎవరైనా అడిగితే "ఏముంది, కడిగేదే గదా" అనేది. అప్పటికే ఆమెకు మోకాళ్ళు పట్టేసినాయి. "ఇంకో ఏడు పోతే నేను మంచం దిగేది లేదు" అని తనే చెప్పేది. ఏడుస్తూ కాదు, ఇంకొకరి సంగతి చెప్పినట్టు.

మదనపల్లెలో సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్న ఒకాయన ఓడ యాత్ర అని జనాన్ని పోగేశాడు. ఆ ఏడు టమాటా ధర నిలబడింది కాబట్టి పోగయ్యారు. రామసముద్రం, పెద్దతిప్పసముద్రం, గుడుపల్లె దిక్కు గొర్లు, ఆవులు పెట్టుకున్న రైతులు. అంగడాయన పంచిన కాగితంలో ఒక బొమ్మ ఉంది. శ్రీలంకలో ఓడ ఆగే రేవు నుంచి బస్సులో రెండు గంటలు పోతే ఒక కొండ, కొండ కింద పాడుబడిన పాతకాలపు ఆస్పత్రి. దాంట్లో ఒకటే రాయి తొలిచి చేసిన తొట్టి. లోపలంతా మనిషి ఆకారం: తలకు చోటు, భుజాలకు చోటు, కాళ్ళకు చోటు. రోగిని దాంట్లో పండబెట్టి మందు కషాయం పోసేవాళ్ళట.

అక్క ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

"ఒరే అబ్బోడా, రోగిని ఎత్తి దీంట్లో పండబెట్టాలంటే ఎవురో ఒకరు ఉండాల గదా. అప్పుడు గూడా ఆయాలు ఉండారంటావా?"

"కాగితంలో ఆ సంగతి రాయలే" అన్నాను.

"కాగితంలో యాల రాస్తారు? పోయి సూస్తే తెలుస్తాది."

అట్లా కుప్పంలో రైలెక్కి, చెన్నైలో ఓడెక్కి, శ్రీలంకలోని తిరుకోణమల రేవులో బిళ్ళ అంటించుకుని దిగాం.

బస్సులో గైడు మా కోసం కాచుకుని ఉన్నాడు. నల్ల కళ్ళద్దాలు, చేతిలో కర్రకు కట్టిన ఎర్రజెండా. మైకులో కాసేపు ఇంగ్లీషు, కాసేపు హిందీ. మావాళ్ళలో చాలామందికి రెండూ అంతంతే. సెల్‌ఫోన్ల అంగడాయన సగం తెలుగు చేసి మిగతా సగం మింగేసేవాడు. అక్కకు కాళ్ళు చాపుకోను వీలుంటుందని మేము ముందు సీట్లో కూర్చున్నాం. కాబట్టి గైడు మైకు కట్టేసి ఫోను తీసినప్పుడు ఆయన మాట నేరుగా నా చెవిలో పడింది.

తమిళంలో మాట్లాడాడు. ఆంధ్రా వాళ్ళం కదా, ఏం తెలుస్తుందిలే అని ధీమా. కుప్పం దిక్కు పుట్టినవాడికి తమిళం ఒకరు నేర్పాలా? గట్టు దాటి అవతల మేసొచ్చే మా మేకలకు నోరుంటే అవీ మాట్లాడేవి. ఆయన చెప్పింది ఇదీ: భోజనానికి ముందే మందిని రత్నాల అంగడికి తోలుకొస్తాను, కొండ కింద ఆస్పత్రి ఎత్తేస్తాను, అంతా ముసలోళ్ళు, రాళ్ళు చూసి వీళ్ళేం చేస్తారు.

సంతలో దళారి కండువా కప్పి దాని కింద అవతలివాడి వేళ్ళు పట్టుకుని బేరమాడతాడు. ఏ వేలు పట్టుకున్నాడో పక్కవాడికి కనబడదు. చిన్నప్పుడు మా నాయన పక్కన నిలబడి ఆ కండువాలు చూస్తూ పెరిగాను. అనుమానం రాగానే అరిస్తే దళారి చేయి వెనక్కి లాక్కుంటాడు, ఏం జరగనట్టు బీడీ ముట్టిస్తాడు. పగ్గం చేతికొచ్చేదాకా ఊరికే ఉండాలి. ఉన్నాను. అక్కకు కూడా చెప్పలేదు. ఆమె కిటికీలోంచి బయటకు చూస్తూ, ఆస్పత్రి ఈ దోవలోనే వస్తుందేమోనని ప్రతి పాత గోడనూ పలకరిస్తోంది.

బస్సు కొండ సగం ఎక్కి ఆగింది. పైన చూడాల్సినవి జెండా వెంట పరుగులాంటి నడకతో చూసేశాం. అక్కడి నుంచి రాతి మెట్ల మీదుగా కిందికి దిగితే బస్సు కిందికొచ్చి ఉంటుందన్నారు. మెట్ల రెండు పక్కలా దేవగన్నేరు చెట్లు. గైడు జెండా ఎత్తి దిగుతున్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

నాకు ఒళ్ళు మండింది. మా నాయన, నేను మంద తోలేటప్పుడు ముందర ఆయన, వెనక నేను. కుంటేది, ఈనబోయేది, కొత్తగా కొన్నది ఎప్పుడూ వెనకబడతాయి. వాటితో నడిచేవాడు వెనక మనిషి. అవి నిలబడిపోతే వాడు ఒక కేక పెడతాడు. అది వినబడితే ముందరి మనిషి నిలబడాలి, మంద నిలబడాలి. ఎందుకని అడగడం లేదు. ఇంత పెద్ద ఓడ నడిపేవాళ్ళు ఇంతమందిని కాని దేశంలో వదిలి, ముందర ఒక జెండా పెట్టి, వెనక ఎవర్నీ పెట్టకపోతే ఏమనుకోవాలి?

సరే, వెనక మనిషి నేనే అనుకున్నాను. అక్క నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ పక్కవాటుగా దిగుతోంది. బస్సులో మా వెనక సీట్లో కూర్చున్న గుడుపల్లె ఆయన ఒకడు మమ్మల్ని దాటిపోతూ నిలబడ్డాడు.

"ఏమక్కా, పెండ్లికూతురి మాదిరి అడుగులేస్తాండావు?"

"నీకేమప్పా" అంది అక్క, "నీ మోకాళ్ళు ఇంకా గ్యారంటీలో ఉండాయి."

మేము కిందికి దిగేసరికి మావాళ్ళు రోడ్డు మీద సగం దూరం పోయారు. పక్కకు చీలిన ఒక కాలిబాట, దాని మొదట్లో ఒక బోర్డు, అవతల చెట్ల సందున మోకాలెత్తు ఇటుక గోడలు కనబడుతున్నాయి. అదే ఆస్పత్రి. గైడు జెండా మాత్రం బస్సు వైపు తిరిగింది. సెల్‌ఫోన్ల అంగడాయన మా కోసం రెండడుగులు వెనక్కి వచ్చి చెప్పాడు:

"ఆస్పత్రి ఈపొద్దు మూసినారంటమ్మా. టైము గూడా లేదంట, ఓడ ఎల్లిపోతాదంట."

అక్క ఆ మోకాలెత్తు గోడల వైపు చూసింది. "మూసేదానికి దానికి తలుపులుండాయా?"

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "పోనీలేరా అబ్బోడా. బొమ్మలో సూసినాము గదా" అని బస్సు వైపు కాలు తిప్పింది. ఆ కాలు తిప్పడానికి ఆమెకు ఎంత నొప్పో నాకు తెలుసు.

ఏం చేశానో చేసేదాకా నాకే తెలియదు. నాలుక అంగిలికి ఆనించి, గొంతు చించుకుని, మంద నిలిపే కేక పెట్టాను. "ట్ర్ర్ర్ర్... హోయ్!" అది నా గొంతులోంచి వచ్చి ఎన్నేళ్ళయిందో.

మావాళ్ళంతా నిలబడిపోయారు. రామసముద్రం ఆమె ఎత్తిన కాలు ఎత్తినట్టే పెట్టుకుంది. పెద్దతిప్పసముద్రం ఆయన తిరిగి, కళ్ళ మీద చేయి అడ్డం పెట్టుకుని నేల వైపు వెతికాడు, పడిపోయిన గొర్రె ఎక్కడుందా అని. నిలబడనిది మదనపల్లె టౌనాయన ఒక్కడే. బ్యాంకులో పనిచేసి రిటైరైనవాడు. ఆయన జెండా వెనకే పోతున్నాడు. గైడు బస్సు తలుపు దగ్గరికి పోయి వెనక్కి తిరిగి చూసేసరికి, అంత మందలో ఆయన వెనక ఉన్నది బ్యాంకాయన ఒకడు.

"ఎవురిదప్పా కుంటింది?" అని అరిచాడు గుడుపల్లె ఆయన.

"మాదే. మా అక్క!"

నవ్వులే నవ్వులు. అక్క నా వీపు మీద ఒకటిచ్చింది. "నీ నోరు పడ! ఇంతమందిలో నన్ను గొర్రెను చేస్తివి గదరా."

గైడు జెండా చంకలో పెట్టుకుని ఉరుక్కుంటూ వచ్చాడు. టైము టైము అని ఇంగ్లీషులో మొదలెట్టాడు. నేను ఆయన భుజం మీద చేయి వేసి తమిళంలో చెప్పాను: "తంబీ, కడై అప్పురం. ముదల్ల ఆస్పత్రి." అంగడి తర్వాత, ముందు ఆస్పత్రి.

నల్ల కళ్ళద్దాలు తీసేశాడు. లోపల కళ్ళు చిన్నపిల్లవాడివి.

"బస్సులో నువ్వు మాట్లాడింది మాకూ వినబడిందిలే" అన్నాడు గుడుపల్లె ఆయన, ఆయనా తమిళంలోనే.

"నీకూ వినబడిందా? మరి అప్పుడే యాల చెప్పలే?" అని నేను తెలుగులో దులిపాను.

"నువ్వు ఏం చేస్తావో అని సూస్తాండానప్పా!"

గైడు చేతులు కట్టుకున్నాడు. అంగడికి మందిని తీసుకుపోకపోతే వచ్చే ఓడకు తనను పిలవరని, ఇంట్లో బిడ్డకు ఒంట్లో బాగాలేదని చెప్పాడు. నిజమో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు. సంతలో ప్రతి దళారి ఇంట్లోనూ జబ్బుపడ్డ బిడ్డ ఒకరు ఉండనే ఉంటారు. రామసముద్రం ఆమె మాత్రం, "అంగడికీ వస్తాములేప్పా, ఏడవద్దు. ఏమీ కొనం, అంతే" అంది. ఆ మాట తమిళం చేసి చెబితే ఆయన కూడా నవ్వాడు. అక్క రెండో చేయి తనే పట్టుకున్నాడు. యాల పట్టుకుంటాండాడని ఆ చేతి మీదే కన్నేసి నడిచాను.

తొట్టి బొమ్మలో కంటే చిన్నది. ఎండలో, గోడల మధ్య, ఒక మనిషి లేచిపోయిన పక్క మాదిరి ఉంది. నాకు దాని మీదా అనుమానమే. వెయ్యేళ్ళ పైబడిందని బోర్డు చెబుతోంది, ఆ బోర్డు రంగు చూస్తే మొన్నటిది. కాపలా ఆయనతో గైడు తమిళం కాని ఇంకో భాషలో ఏదో అన్నాడు. కాపలా ఆయన తల ఊపి పక్కకు జరిగాడు. ఏమన్నాడో మాత్రం నాకు అందలేదు.

అక్క నన్ను ఆసరా చేసుకుని, తొట్టి తలవైపు గట్టు మీద కూర్చుంది. లోపలికి వంగి, తల ఆనే గుంటలో చేయి పెట్టింది. అక్కడి నుంచి మెడ దగ్గరికి, మెడ నుంచి భుజాల చోటికి. ఆస్పత్రిలో ఆమె చేయి అట్లాగే పోయేది, నేను చూశాను. మావాళ్ళంతా చుట్టూ చేరారు. ఎవరూ ఫొటో అనలేదు.

"ఒరే అబ్బోడా, ఈడ చెయ్యి పెట్టు" అంది. పెట్టాను. తల పక్కన అంచు నున్నగా, కొంచెం పల్లంగా ఉంది. రెండో పక్కా అంతే.

"తల పట్టుకుని నీళ్ళు పోసేటప్పుడు ముంజేతులు ఈడ ఆనిస్తారు. ఆనించకపోతే నడుము పోతాది. ఆనించి ఆనించి అరిగిండాది సూడు." తన రెండు ముంజేతులూ ఆ రెండు పల్లాల్లో పెట్టి చూపించింది. సరిపోయాయి. "ఉండారప్పా. మావాళ్ళు ఉండారు."

వాన పడినా రాయి అరుగుతుంది. పసిపిల్లలు ఎక్కి ఆడుకున్నా అరుగుతుంది. ఈ రెండు మాటలూ నా నాలుక చివరి దాకా వచ్చాయి. అక్క ముంజేతులు ఇంకా అక్కడే ఉన్నాయి. నేను బోర్డు వైపు తిరిగి చదువుతున్నట్టు నిలబడ్డాను.

అంగడికీ పోయాం. మావాళ్ళు చల్లటి నీళ్ళు తాగి, ఫ్యాన్ల కింద కూర్చుని లేచారు. బ్యాంకాయన ఒక్కడే ఉంగరపు రాయి కొన్నాడు. అది గాజు అని నా అనుమానం. ఓడ వెళ్ళిపోతుందన్న వేళ దాటి రేవు చేరితే, అది కట్టేసిన చోటే ఉంది. మేము ఎక్కిన తర్వాత కూడా చాలాసేపు కదల్లేదు. మా కోసం ఆగిందో, దానికి పోవాల్సిన వేళే అదో, గోడ మీద నోటీసు మళ్ళీ చదివినా తేలలేదు.

అక్క ఇప్పుడు మంచం మీదే ఉంది. చూడను వచ్చినవాళ్ళందరికీ ఆ తొట్టి సంగతి చెబుతుంది, ముంజేతులు గాలిలో పెట్టి చూపిస్తుంది. విన్నవాళ్ళు నా వైపు తిరుగుతారు. ఈ మనిషి దేన్నీ నమ్మడు, ఏమంటాడో చూద్దామని. నేను తల ఊపుతాను.