ఆమోసు గారి ‘ఇంకా కాలేదు’

ఆమోసు గారు ఈ లోకంలో దేన్నీ ‘అయింది’ అని ఒప్పుకోరు. అన్నం ఉడికిందంటే ఇంకా కాలేదంటారు. పండు పండిందంటే ఇంకా కాలేదంటారు. వాన వెలిసింది, గొడుగు ముడవమంటే, చెయ్యి బయటికి చాపి కాసేపు ఆకాశం వంక చూసి, ఇంకా కాలేదని ఆ గొడుగుతోనే ఎండలో నడిచిపోతారు. పటమటలో ఆయన ఇంటిపేరు ఎవరికీ తెలియదు గానీ, ‘ఇంకా కాలేదు’ గారిల్లు ఎక్కడంటే రిక్షావాడు తిన్నగా తీసుకొచ్చి గుమ్మం ముందు దింపుతాడు.

ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు, ఉద్యోగంతో వచ్చింది. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు చెరుకు ఇన్‌స్పెక్టరుగా చేశారు. ఏ తోట ఏ రోజు నరకాలో చెప్పడం ఆయన పని. దసరా వెళ్ళిందంటే చాలు, రైతులు ఆయన సైకిలు వెనక పడేవాళ్ళు. ఆయన తోటలో దిగి, ఒక గడ విరిచి, ముక్క నమిలి, పిప్పి ఊసి, కళ్ళు మూసుకుని, “ఇంకా కాలేదు, పదకొండు రోజులు” అనేవారు. పదీ కాదు, పన్నెండూ కాదు. బసవపున్నయ్య అనే ఆసామి ఒకసారి పట్టుదలకు పోయి తీపి కొలిచే గాజు గొట్టం ఎక్కడినుంచో తెప్పించాడు. గొట్టం లెక్కన తోట సిద్ధం. ఆమోసు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దీనికి జలుబు చేసినట్టుంది, వెచ్చగా పడుకోబెట్టమన్నారు. తీరా చూస్తే గొట్టానికి వెంట్రుకంత బీట ఉంది. ఆ రోజు నుంచి చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన నాలుకంటే భయమూ భక్తీ.

రిటైరయి పటమటలో ఇల్లు కట్టుకుని వచ్చేశారు గానీ నాలుక రిటైరవలేదు. అసలు పెళ్ళినాడే పెళ్ళికొడుకు కుర్చీలోంచి లేచి వెళ్ళి, గాడిపొయ్యి మీది అన్నం మెతుకు నొక్కి చూసి, ఇంకా కాలేదని చెప్పి వచ్చి కూర్చున్నారని భార్య మణెమ్మ గారు ఇప్పటికీ చెబుతుంటారు. చర్చిలో పాస్టరు గారు ఆమేన్ అన్నాక కూడా ఈయన ఒక్కరూ కళ్ళు తెరవరు. ఆయన ప్రార్థన ఇంకా కాలేదు. వెనక బెంచీల వాళ్ళు లేవాలో కూర్చోవాలో తెలియక సగం లేచి వంగుని ఉంటారు.

ఇలాంటి ఇంటికి కోడలిగా వచ్చింది దయామణి. భర్త సంజీవరావుకు కొత్తగూడెం బొగ్గు గనుల్లో సర్వేయరు ఉద్యోగం. అక్కడ క్వార్టరు ఇచ్చేదాకా ఆమె, పిల్లాడు ఇక్కడే. అతను నెలకోసారి, రెండో శనివారం వచ్చి ఆదివారం సాయంత్రం బస్సెక్కుతాడు. పిల్లాడికేమో క్యాలెండరు తెలియదు. చెయ్యాల్సిన ఘనకార్యాలన్నీ మంగళవారాలు, బుధవారాలు చేసేశాడు. మొదటిసారి బోర్లాపడ్డది తండ్రి వెళ్ళిన రెండు రోజులకు. గడప దాటింది తండ్రి రావడానికి పదిహేడు రోజుల ముందు. బోర్లాపడ్డందుకు చేసిన బొబ్బట్లు, గడప దాటినందుకు చేసిన గారెలు డబ్బాల్లో పెట్టి, అటు వెళ్ళేవాళ్ళ చేత కొత్తగూడెం పంపారు. అందాయని, బాగున్నాయని అతను జాబు రాశాడు. ఆ జాబులు చదివినప్పుడల్లా దయామణికి మనసు ఉసూరుమనేది.

పిల్లాడి పేరు ఇశ్రాయేలు. అది ఆమోసు గారి తండ్రి పేరు. అంచేత ఆయన మనవడిని పేరు పెట్టి పిలవరు, ‘నువ్వు’ అనరు. “నాన్నగారూ, తమరు మట్టి తింటున్నారు. అది ఇంకా పక్వానికి రాలేదు” అని ఎంతో మర్యాదగా నోట్లోంచి తీయించేవారు.

అది డెబ్భై నాలుగో సంవత్సరం. దసరా వెళ్ళిన వారం, ఒక గురువారం మధ్యాహ్నం వాన వెలిసి వసారాలోకి కొత్త ఎండ వచ్చింది. దయామణి చేటలో బియ్యం చెరుగుతోంది. ఆమోసు గారు పడక కుర్చీలో పేపరు చదువుతున్నారు. పిల్లాడు నులకమంచం కోడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పదిహేనో నెల వచ్చినా అడుగు పడలేదు. పక్కింటి రాజ్యలక్ష్మి గారి మనవరాలు పదో నెలకే నడిచిందని ఆవిడ రోజుకోసారి గుర్తు చేస్తూనే ఉంటారు.

అప్పుడు పిల్లాడు కోడు వదిలేశాడు. రెండు చేతులూ గాలిలోకి లేచాయి. కాలివేళ్ళు గచ్చుని గట్టిగా పట్టుకున్నాయి. ఒక కాలు లేచి, ఎక్కడ దిగాలో ఆలోచించి, దిగింది. రెండో కాలూ దిగింది. ఆ కాళ్ళు తనవేనని అప్పుడే తెలిసినట్టు వాడు కిందికి చూసుకుని, ఆశ్చర్యపోయి, చతికిలబడ్డాడు. లోకంలో అందరూ చేసే పనే అది. అయినా చేతిలో చేట ఎప్పుడు ఆగిందో దయామణికి తెలియలేదు. తలెత్తి చూస్తే మామగారు పేపరు దించి, కళ్ళార్పకుండా అటే చూస్తున్నారు.

“నడిచాడు మావయ్యగారూ” అంది.

ఆమోసు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “నడక కాదమ్మాయ్, తూలడం. ఇంకా కాలేదు” అని పేపరు పైకెత్తారు. పేపరు తలకిందులుగా ఉండటం అప్పుడామె గమనించలేదు.

అడుగులు పడితే అరిసెలు వండాలి. వరసగా పేర్చి, వాటి మీద పిల్లాణ్ణి నడిపించి, వీధంతా పంచాలి. మతమేదైనా మన వైపు తల్లులు ఈ ఒక్క ముచ్చట వదులుకోరు. మణెమ్మ గారు ఆ సాయంత్రమే బియ్యం నానబోశారు. ఆమోసు గారు చూసి, నడవని పిల్లాడికి అరిసెలేమిటని ఆ ప్రయత్నం ఆపించారు. నానిన బియ్యం పారెయ్యలేక రుబ్బి అట్లు పోశారు.

శుక్రవారం నాలుగడుగులు పడ్డాయి. గోడ నీడ పట్టుకుని నడిచాడు, అది లెక్కలోకి రాదన్నారు ఆమోసు గారు. మణెమ్మ గారు మళ్ళీ బియ్యం పోశారు, మళ్ళీ అట్లు. శనివారం మంచం దగ్గరనుంచి రోలు దాకా ఏడడుగులు, మధ్యలో పట్టుకోవడానికి గడ్డిపోచ కూడా లేదు. ఆమోసు గారు కాసేపు ఆలోచించి, ఈ గచ్చు పడమటికి వాలుగా ఉంది, నాన్నగారు నడవలేదు, జారారు అన్నారు. మణెమ్మ గారు పళ్ళు కొరుక్కుని చెంబుడు నీళ్ళు తెచ్చి గచ్చు మీద పోశారు. నీళ్ళు ఎటూ పోకుండా అక్కడే నిలబడ్డాయి. ఆమోసు గారు ఆ మడుగు వంక గౌరవంగా చూసి, “నీళ్ళూ ఇంకా నిర్ణయించుకోలేదు” అన్నారు.

దయామణికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ రాత్రికి ముందే ఒక ఇన్‌లాండు కవరు తీసి, ‘మీ అబ్బాయి నడిచాడు, మావయ్యగారు తప్ప అందరూ చూశారు’ అని భర్తకు రాసి, పోస్టు చేయమని మామగారికే ఇచ్చింది. ఆ ఇంట్లో జాబులు పోస్టు చేసేది ఆయనే. ఆయన అడ్రసు రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకుని, గొడుగు తీసుకుని బయలుదేరారు.

తరవాతి వారమంతా పిల్లాడు ఇల్లంతా కొలిచేస్తుంటే, తాతగారు రూలు మీద రూలు పెడుతూ పోయారు. చేతులు దించి నడవాలి. వెనక్కి తిరిగి రావాలి. గడప దగ్గర ఆగి ఆలోచించాలి. సోమవారం పిల్లాడు బియ్యం డబ్బా దాకా నడిచి వెళ్ళి, తాతగారు మాగపెట్టిన సీతాఫలం ఒకటి తీసి, ఆయన దగ్గరికే నడిచి వచ్చి, ఒళ్ళో పెట్టాడు. ఆయన వాణ్ణి ఒక్క చూపు చూసి, పండు నొక్కి, “ఇంకా కాలేదు” అన్నారు. పండు సంగతో, నడక సంగతో ఎవరికీ అర్థం కాలేదు. మొదటి రోజునుంచీ లెక్కేస్తే ఆ ఇంట్లో అయిదుసార్లు అట్లు పోశారు.

శుక్రవారం బట్టలు నానబెడుతూ దయామణి మామగారి చొక్కా జేబులో చెయ్యి పెట్టింది. ఇన్‌లాండు కవరు చేతికొచ్చింది. నాలుగు మడతలు పెట్టి ఉంది గానీ, పోస్టు ముద్ర లేదు. ఆమెకు కోపంతో చెవులు వేడెక్కాయి. నవ్వులాటకైనా ఒక హద్దుండాలి. తండ్రికి చేరాల్సిన కబురు అది. తడి చేత్తోనే ఆ కవరు పట్టుకుని వసారాలోకి వచ్చింది. ఆమోసు గారు సీతాఫలాల కళ్ళు విచ్చాయో లేదో చూసుకుంటున్నారు.

“ఇది పోస్టు చెయ్యలేదేం మావయ్యగారూ?”

ఆయన కవరు చూశారు. చేతిలో పండు నెమ్మదిగా కింద పెట్టారు. ఎప్పుడూ తడుముకోని మనిషి ఆ రోజు తడుముకున్నారు.

“పోయిన నెల అబ్బాయిని బస్సెక్కించడానికి వెళ్ళాను గదమ్మాయ్. ఖాళీ డబ్బాలు రెండూ నా చేతికిచ్చాడు. బస్సు కదిలేముందు కిటికీలోంచి అన్నాడూ... ‘నాన్నా, వాడు చేసినవన్నీ తింటున్నా గానీ, ఒక్కటీ చూళ్ళేదు’ అని.” ఆయన కళ్ళజోడు తీశారు. “పిల్లాడు నడిచాడని నాకు తెలీదా? మొదటి రోజే అయింది. అసలు ముందు రోజు మంచం పట్టుకున్న తీరు చూసే అనుకున్నా, రేపు అవుద్దని. కానీ వాడొచ్చేదాకా కాకూడదు. నలుగురూ అయిందనుకున్నాక వాడొచ్చి చూస్తే, అది మొదటిది ఎట్టా అవుద్ది?”

ఎనిమిది రోజులు ఈ మనిషి వీధి మొత్తం చేత నవ్వించుకున్నారు, భార్య చేత తిట్టించుకున్నారు, కళ్ళెదుట నడుస్తున్న మనవణ్ణి ఒక్కసారి కూడా మెచ్చుకోకుండా కూర్చున్నారు. అంత ఓర్పు దయామణి ఎక్కడా చూడలేదు. కవరు మళ్ళీ నాలుగు మడతలు పెట్టి, తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

సరిగ్గా అప్పుడే పక్కింటి రాజ్యలక్ష్మి గారు పెరుగు తోడుకని గిన్నె పట్టుకుని లోపలికి వచ్చారు. పిల్లాడు వసారా ఈ చివర నుంచి ఆ చివరకు, చేతులు దించి, వెనక్కి తిరిగి, గడప దగ్గర ఆగి ఆలోచించి, అన్ని రూళ్ళ ప్రకారం నడిచి వెళ్ళి ఆవిడ చీర పట్టుకున్నాడు.

“మీవాడు నడుస్తున్నాడుగా దయామణీ” అన్నారావిడ, నోరెళ్ళబెట్టి.

“లేదండీ. ఇంకా కాలేదు” అంది దయామణి.

రాజ్యలక్ష్మి గారు ముక్కు మీద వేలేసుకున్నారు. ఈ జబ్బు కోడలికీ అంటుకుందని సాయంత్రానికి వీధంతా తెలిసింది. మణెమ్మ గారికి మాత్రం దయామణి అసలు సంగతి చెప్పేసింది. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుని, వెంటనే వెళ్ళి ఆరోసారి బియ్యం నానబోశారు.

శనివారం సంజీవరావు వచ్చాడు. పిల్లాడు తండ్రిని చూసి, కూర్చున్నచోట కూర్చున్నట్టే ఉండిపోయాడు. నెలరోజులకు చూసిన మొహం, కొత్త చేశాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక కూడా అదే వరస. నిలబెడితే కూలబడతాడు, పిలిస్తే పాకుతాడు. బస్సు అయిదింటికి. మూడయింది. మణెమ్మ గారు వంటింట్లో మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తున్నారు. ఆమోసు గారు పడక కుర్చీ అంచుకు వచ్చి కూర్చున్నారు. ముప్ఫై ఏళ్ళలో ఏ తోట ముందూ ఆయనకు అంతగా చెమటలు పట్టలేదు. ఎక్కువ మాగిపోయిందేమోనని భయపడుతున్నారని దయామణికి తెలుసు.

ఆఖరికి లేచి, బియ్యం డబ్బాలోంచి బాగా పండిన సీతాఫలం ఒకటి తీసి, మాట్లాడకుండా కొడుకు చేతిలో పెట్టారు. సంజీవరావు వసారా అవతల గొంతుక్కూర్చుని దాన్ని చితిపాడు. వాసన వచ్చింది. పిల్లాడు పండు చూశాడు, తండ్రిని చూశాడు, మంచం కోడు పట్టుకుని లేచాడు. వదిలేశాడు.

ఎనిమిది, తొమ్మిది, పది అడుగులు. దయామణి పది రోజులుగా చూస్తున్న నడకే అది. భర్త మొహం చూస్తుంటే మాత్రం అదే మొదటిసారి అయింది. సంజీవరావు గుజ్జు కారుతున్న చేతులు అలాగే చాపి ఉన్నాడు. పిల్లాడు వచ్చి గుండెకు గుద్దుకున్నాక, వాణ్ణి ఎత్తుకుని, “నాన్నా, నడిచాడు. నా దగ్గరికే నడిచాడు” అన్నాడు.

అందరూ ఆమోసు గారి వంక తిరిగారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నారు.

“అయిందిరా” అన్నారు.

ఆ మాట ఆయన నోట వినడం మణెమ్మ గారికి ముప్ఫై ఏళ్ళ కాపురంలో అదే మొదలు. ఆవిడ వంటింట్లోంచి పళ్ళెం నిండా అరిసెలు పట్టుకొచ్చారు. వాటి మీద పిల్లాణ్ణి నడిపించారు. సంజీవరావు ఒకటి కొరికి, నములుతూ నములుతూ ఆగాడు. “అమ్మా, వాడు నడిచి పావుగంట కాలేదు. నువ్వు బియ్యం ఎప్పుడు నానబోశావు?”

మణెమ్మ గారు భర్త వంక చూశారు. “మీ అమ్మకు పది రోజుల్నుంచీ బియ్యం నానబెట్టే జబ్బు పట్టుకుంది. అట్లు తినలేక చస్తున్నాం” అన్నారు ఆమోసు గారు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. సంజీవరావు తండ్రిని కాసేపు చూసి, ఇంకేమీ అడగకుండా రెండో అరిసె తీసుకున్నాడు.

బస్టాండులో కండక్టరు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. ఆమోసు గారు ఫుట్‌బోర్డు మీద చెయ్యి వేసి, ఇంకా కాలేదన్నారు. ఏం కాలేదో అర్థంకాక అతను ఆగిపోయాడు. ఆ అర నిమిషంలో పిల్లాడు దయామణి చెయ్యి వదిలి కిటికీ కింద నాలుగడుగులు వేశాడు. సంజీవరావు అరిసెల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, “ఈసారివి చూసి తింటున్నా నాన్నా” అన్నాడు. అప్పుడు ఆమోసు గారు చెయ్యి తీశారు.

సోమవారం పొద్దున దయామణి వసారా ఊడుస్తోంది. ఆమోసు గారు మనవడి ముందు గొంతుక్కూర్చుని గుసగుసగా మాట్లాడుతున్నారు.

“నాన్నగారూ, ఇక తమరికి మాటలు రావాలి. దానికి పంచదార చిలకలు పోయించాలి. తొందరేం లేదు. డిసెంబరు రెండో శనివారం దాకా తమరు దయచేసి నోరు మెదపకండి.”

పిల్లాడు శ్రద్ధగా విన్నాడు. వాడికి అప్పటిదాకా ‘బ్బ’ తప్ప మాట లేదు. చెయ్యి చాపి, తాతగారి కళ్ళజోడు లాగి, మొహంలో మొహం పెట్టి, “తాత” అన్నాడు. స్పష్టంగా, అక్షరం చెక్కినట్టు.

ఆమోసు గారి మొహం దీపం పెట్టినట్టయింది. వెంటనే చుట్టూ చూశారు. చీపురు పట్టుకుని దయామణి కనిపించింది.

“ఏమన్నాడు మావయ్యగారూ?” అంది, నవ్వాపుకుంటూ.

“ఆవులించారమ్మాయ్, అంతే” అన్నారాయన, లేని కళ్ళజోడు తుడుచుకుంటూ. “ఇంకా కాలేదు.”