గూడు తీస్తామన్న మాట

వైశాఖమాసం, ముహూర్తాలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో రెండు పెళ్ళిళ్ళు వదులుకుని పిట్టగూడు ఒప్పుకున్న ఫోటోగ్రాఫర్ నర్సీపట్నంలో నేనొక్కణ్ణే. ఆ రికార్డు ఇంతవరకు ఎవరూ బద్దలుకొట్టలేదు. కొట్టేటంత తెలివితక్కువవాడు ఇక మీదట పుడతాడని కూడా నేననుకోను.

ఇది 1978 వేసవి సంగతి. పని అప్పజెప్పినవారు ఎరువులూ పురుగుమందులూ అమ్మే కొండబాబు గారు. ఏటా దుకాణం తరఫున రైతులకు దేవుళ్ళ క్యాలెండర్లు పంచేవారు. ఆ ఏడు ఆయనకు కొత్త ఆలోచన పుట్టింది. పసుపుపచ్చ పిట్ట గొంగళిపురుగును తెచ్చి పిల్లల నోట్లో పెడుతున్న ఫోటో కావాలి. కింద ‘పురుగుకు శత్రువు, రైతుకు మిత్రుడు’ అని అచ్చు వేయించి, ఆ కింద దుకాణం పేరు. పురుగుమందు అమ్ముకోవడానికి పురుగును తిని బతికే పిట్టను వాడుకోవడంలోని తమాషా ఆయనకు తట్టలేదు. నాకు తట్టింది. కానీ బేరం మధ్యలో తట్టినవి పైకి అనకూడదన్న చదువు మా నాన్న కిరాణా కొట్లో ఎప్పుడో పూర్తి చేశాను.

గూడు ఆయన సొంత మామిడితోటలోనే ఉంది, ఏటికొప్పాక వైపు. ఆ పిట్టకు మా వైపు తలా ఒక పేరు చెబుతారు. నేను పసుపుపిట్ట అనే రాస్తాను. అది నిటారు కొమ్మల మీద గూడు పెట్టదు. పైన, ఆకుల గుబురులో, కొమ్మ రెండుగా చీలినచోట నారతో ఊయల కట్టినట్టు కడుతుంది. కింద నిలబడి చూస్తే ఆకులు తప్ప ఏమీ కనబడవు. అలా కనబడకపోవడమే దానికి కాపలా.

అలాంటి గూటిని ఫోటో తీయడానికి ఒక పద్ధతి ఉంది. ఎదురుగా వెదురు మంచె కట్టి, చుట్టూ గోనెపట్టా మరుగు కట్టాలి. దాన్ని ఒక్కసారిగా దగ్గరకు తేకూడదు. ముందు దూరంగా కట్టి, పిట్ట అలవాటుపడేకొద్దీ రోజుకు కాస్త జరపాలి. అడ్డొచ్చే ఆకుల్ని కోయకూడదు. దారంతో పక్కకు కట్టి, పని కాగానే విప్పెయ్యాలి. మంచె మీదికి ఇద్దరు ఎక్కి, ఒకరు దిగి వెళ్ళిపోవాలి. పిట్టకు లెక్క రాదు కనుక మనుషులు పోయారనుకుని గూటికి వస్తుంది. ఇందుకు నేను పదిహేను రోజులు అడిగాను. కొండబాబు గారు మూడన్నారు. వారం దగ్గర బేరం తెగింది.

తోట కాపలా అప్పన్న. మంచె జరపడంలో సాయం పట్టింది అతనే. శనివారం సాయంత్రం మంచెను చివరి చోటికి చేర్చి, “రేపు పొద్దున్నే వచ్చి గూడు తీస్తాం, నిచ్చెన సిద్ధంగా ఉంచు” అని చెప్పి బస్సెక్కాను.

ఇక్కడ మా వృత్తి భాష సంగతి చెప్పాలి. స్టూడియోవాళ్ళం ‘ఫోటో’ అన్న మాట వాడం. ‘ఎల్లుండి యలమంచిలిలో పెళ్ళి తీయాలి’ అంటాం. ‘కాలేజీ గ్రూపు తీశాను’ అంటాం. అలాగే గూడు తీస్తామన్నాను. కాయకోత ముందు మామిడితోటల్లో ఇంకో పని ఉంటుంది. కోతవాళ్ళను కుట్టకుండా చెట్ల మీది ఎర్రచీమల గూళ్ళను కొమ్మతో సహా నరికి దింపుతారు. ఆ పనికి వాళ్ళ భాషలో పేరు ‘గూడు తీయడం’. పైగా అరువు తెచ్చుకున్న కెమెరా, కింద పడితే నా స్టూడియో అమ్మినా తీరదని, అసలు రోజు దాకా నేను దాన్ని తోటకు తేలేదు, అప్పన్న కంట పడనే లేదు.

ఆదివారం కొండబాబు గారి జీపులోనే వెళ్ళాం. తోటలో నులకమంచం మీద తట్ట. తట్టలో నరికిన కొమ్మ, కొమ్మకు గూడు, గూట్లో మూడు పిల్లలు నోళ్ళు తెరుచుకుని. పైన తల్లీ తండ్రీ చెట్టు నుంచి చెట్టుకు ఎగురుతూ అరుస్తున్నాయి.

“తీసీసేను బాబూ” అన్నాడు అప్పన్న. “ఎండెక్కితే మీరు ఎక్కలేరని బేగి నేనే ఎక్కీసేను. ఒక్క పిల్లకీ దెబ్బ తగల్లేదు, సూసుకోండి.”

“ఎవరు తీయమన్నారయ్యా నిన్ను?”

“మీరే కదేటి సెప్పింది? వారం బట్టి మంచె ముందుకు జరుపుతుంటే, పిట్టలకి బయం పోగొట్టి గూడు తీస్తారు గావాలనుకున్నాను.”

అతన్ని తప్పుపట్టడానికి లేదు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. నాకు ఒళ్ళు మండింది ఆ తర్వాతి మాటకు. కొండబాబు గారు తట్టలోకి తొంగిచూసి నవ్వారు.

“మంచి పనే అయిందయ్యా, చెట్టెక్కే బాధ తప్పింది. ఆ కొమ్మని ఈ మంచం కోడుకి కట్టీసి బేగి తీసెయ్. నాకు తునిలో పనుంది.”

“తల్లి ఇక్కడికి రాదండీ. అది రాకపోతే పురుగెవరు తెస్తారు?”

“పురుగులకేటి కరువు? తోట నిండా అవే. అప్పన్న తెస్తాడు.”

“పురుగు అప్పన్న తెస్తాడు సరే, ముక్కు ఎవరు తెస్తారండీ?”

“పుల్లతో పెట్టించు.”

“క్యాలెండరు మీద పుల్ల కనబడితే రైతు మీ దుకాణం గడప తొక్కుతాడా, షావుకారు గారూ?”

మూడు ప్రాణాలు తట్టలో ఎండుతుంటే మేమిద్దరం కొట్టు దగ్గర నిలబడ్డట్టు బేరమాడుతున్నాం. కానీ ఆయనతో మాట్లాడటానికి నాకు తెలిసిన భాష అదొక్కటే. తల్లి ఉంటేనే ఫోటోకు విలువ అన్న మాట ఆయన తలకెక్కింది. కొమ్మను తిరిగి చెట్టుకు కట్టడానికి ఒప్పుకున్నారు. ఎక్కడ కట్టాలన్నది మిగిలింది. నేను పాత చోటు చూపించాను. ఆయన తన గుండెల మీద చెయ్యి పెట్టి ఇంత ఎత్తు చాలన్నారు. చివరికి రెండింటికీ మధ్య, ఒక కింది కొమ్మకు కొబ్బరితాడుతో కట్టాను. నెగ్గాననే అనుకున్నాను.

మంచెను ఆ ఎత్తుకు దించి, అప్పన్నా నేనూ ఎక్కాం. అతను దిగి, పిట్టలకు వినబడేలా పాట పాడుకుంటూ వెళ్ళిపోయాడు. నేను గోనెపట్టా కన్నంలోంచి లెన్సు సరిచేసుకుంటుంటే కింద టపటపమని చప్పుడు. చూద్దును కదా, కొండబాబు గారు దోటీ కత్తి పట్టుకుని గూటి చుట్టూ ఉన్న ఆకును కోసేస్తున్నారు.

“కోయొద్దండీ, దారంతో కడతాను.”

“వెలుతురు కావాలని నువ్వే కదయ్యా అన్నావు” అని ఇంకో రెబ్బ కోసి, జీపులో కూర్చున్నారు.

వెలుతురు కావాలన్నది నిజమే. క్యాలెండరు అచ్చుకు స్లైడ్ ఫిలిం వాడాలి. నీడలో దానికి ఏదీ సరిగా పడదు. కానీ కట్టిన ఆకును విప్పొచ్చు, కోసిన ఆకును అతికించలేం.

చాలాసేపటికి తల్లి వచ్చింది. నోట్లో పురుగు ఉంది. నేరుగా గూటికి రాలేదు. ముందు పైకి, కొమ్మ నరికిన చోటికి వెళ్ళి వాలింది. అక్కడే అటూ ఇటూ తిరిగింది. కింద పిల్లలు అరిస్తే అప్పుడు దిగివచ్చింది. నేను నొక్కాను. రోలు అయ్యేదాకా నొక్కాను. నా వృత్తిలో అంత బాగా కుదిరిన బొమ్మలు మళ్ళీ రాలేదని ఒప్పుకోవాలి.

దిగి వచ్చి, ఇప్పుడు కొమ్మను పైకెక్కించి కడదామన్నాను. నిచ్చెన చాలదు, వాసాలు కట్టి పొడిగించాలి, గంట పని. కొండబాబు గారు జీపు స్టార్టు చేయించారు. “రేపు కట్టొచ్చులేవయ్యా. పిట్ట కుదురుకుంది కదా.” నా సామానంతా ఆయన జీపులో ఉంది. ఎక్కాను.

సోమవారం బస్సులో వెళ్ళేసరికి గూడు ఒక పక్క చిరిగి వేలాడుతోంది. లోపల ఏమీ లేదు. చుట్టూ ఆకు లేని గూడు కాకులకు విస్తరి వేసినట్టే. అప్పన్న ఒకసారి తోలాడట, రెండోసారి అతను నీళ్ళకు వెళ్ళాడట. పసుపుపిట్టలు ఆ తోటలో మళ్ళీ కనబడలేదు.

క్యాలెండరు వచ్చింది. ఊళ్ళో ప్రతి కొట్టులోనూ, బ్యాంకులోనూ వేలాడింది. బొమ్మ మూలన, నన్ను అడగకుండా, ‘సహజ దృశ్యం’ అని వేయించారు. సహజమేమిటి? కొబ్బరితాడు ముడి ఆకు చాటున ఉండిపోయింది గనక సహజమైపోయింది. సంగతి తెలిసిన రైతు ఎవరో దుకాణంలోనే అడిగితే, కాపలావాడి తెలివితక్కువతనం వల్ల పిల్లలు పోయాయని చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవడానికి అప్పన్నను పనిలోంచి తీసేశారు. అతను పాయకరావుపేటలో బావమరిది దగ్గరకు వెళ్ళిపోయాడు.

ఆ కబురు విని దుకాణానికి వెళ్ళాను. “గూడు కింద కట్టమన్నది మీరు, ఆకు కోసింది మీరు. పని పోయింది అప్పన్నకా?” అని అడిగాను.

ఎరువుల బస్తా మీద చెయ్యి ఆనించుకుని ఆయన తాపీగా అన్నారు: “కట్టింది నువ్వే కదయ్యా.”

దుకాణం మెట్లు దిగి వచ్చేశాను.

ఎనభైల్లో కెమెరాలు పెరిగాయి. ఫోటో పోటీలకు బొమ్మలు పంపుతామని, గూళ్ళు చూపించమని కొందరు నా స్టూడియోకి వచ్చేవారు. గూటిని కిందికి దింపినవాళ్ళున్నారు, పిల్లలు ఎగిరిపోకుండా కాళ్ళకు దారం కట్టినవాళ్ళున్నారు. ఆ బొమ్మలకు ప్రకృతి విభాగంలో బహుమతులు వచ్చాయి. జడ్జీల్లో ఒక్కరైనా ఆ పిల్లలు తర్వాత ఏమయ్యాయని అడిగినట్టు నేను వినలేదు. అడిగితే పోటీలే ఉండవు కాబోలు.

ఈ పనిలోకి వచ్చేవారికి నేను చెప్పగలిగింది కొద్దే. గూటి ఎత్తు, ఆకు, నీడ పిట్ట ముందే తేల్చుకుని ఉంటుంది. అందులో మనకు బేరం లేదు. సగం ఎత్తు అంటే పూర్తిగా కిందనే. ఉన్నది ఉన్నట్టుగా ఫోటో రాకపోతే, రాలేదని చెప్పి ఇంటికి రావాలి. ఆ తర్వాత నేను గూళ్ళ పని ఒప్పుకున్నది రెండు మూడుసార్లే. అప్పుడు కూడా ‘ఫోటో’ అన్న మాట చేర్చకుండా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇక చివరి లెక్క. కొండబాబు గారికి క్యాలెండరు దక్కింది. నాకు ఒప్పుకున్న సొమ్ము దక్కింది. అప్పన్నకు చెయ్యని నేరం మిగిలింది. పోయినవి మూడు పిల్లలు. మూడింటినీ కొండబాబు గారి పేర రాసేద్దామని ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. ఆకు ఆయన కోశారు కనుక ఆయన వాటా ఆయనకుంది. తాడు కట్టింది, జీపెక్కింది నేను. ఆ వాటా నాది.