చెవుల్లేని డోలక్

అనంతపురంలో డాక్టరు అక్కకు రెండు మాటలు చెప్పాడు. గొంతులో గడ్డకు గురువారం ఆపరేషన్. అంతవరకు గొంతెత్తకూడదు, వీలైతే మాట్లాడనే కూడదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కల్యాణదుర్గం దాకా అక్క ఆ మాట నిలబెట్టుకుంది. ఊరు దాటగానే నా వైపు తిరిగింది.

"గడ్డ తీసినాంక మాట వస్తాదంట. పాట సంగతి ఆయప్పే చెప్పలేకపోయినాడు. ముందే ఒకతూరి పాడేస్తా. నీ మిషన్లో పట్టి పెట్టు."

మా అక్క కంబదూరు ఆడవాళ్ల చెక్కభజన జట్టులో ముందుపాట పాడుతుంది. ఆమె ఒక చరణం ఎత్తుకుంటే వెనక పదిమంది అందుకుని చెక్కలు తాటిస్తూ ఆడతారు. మా అవ్వ దగ్గర నేర్చుకున్న పాట ఒకటి ఉంది. జట్టు ఎక్కడికి పోయినా చివరన అదే పాడుతుంది. పట్టి పెట్టమన్నది దాన్నే.

ఆమె మిషన్ అన్నది నా లాప్‌టాప్‌ను. నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. సాయంత్రాలు ఇంటి వెనక గదిలో పాటలు రికార్డు చేసుకోవడం నా పిచ్చి. ఆ గదిలో నాలుగు గోడల పొడుగునా చెనక్కాయ మూటలు పేర్చి ఉంటాయి, ధర కోసం ఆపుకున్నవి. వాటి పుణ్యమా అని గదిలో గొంతు మార్మోగదు. ధర పెరిగితే నా స్టూడియో ఖాళీ అవుతుంది.

చిక్కంతా డోలక్‌తో వచ్చింది. దెబ్బ పడకపోతే అక్కకు పాట రాదు. వట్టి గొంతుతో పాడమంటే రెండో చరణానికే మాటలు మరిచిపోతుంది. జట్టుకు డోలక్ వాయించే అన్న సెంట్రింగ్ పనికి బెంగుళూరు పోయి ఉన్నాడు. ఫోన్ చేశాను.

"స్లాబు పడతాండాదప్పా. ఆదివారం వస్తా. అక్కను ఆగమను."

"అక్క ఆగుతుందన్నా, గడ్డ ఆగొద్దూ?" అన్నాను.

ఊళ్లో వాయించే వాళ్లు ఇంకా ఉన్నారు గానీ, అవి ముహూర్తాల రోజులు. ఒక్కడూ దొరకలేదు. నిజం చెప్పాలంటే నేను గట్టిగా వెతకనూ లేదు. మనిషి ఎందుకు, నా దగ్గర కంప్యూటర్ డోలక్ ఉందిగా అని లోపల ఒక పొగరు.

అదేమిటో చెప్పాలి. ఎవరో ఎక్కడో డ్రమ్ముల మీద పడే ఒక్కొక్క దెబ్బనూ రికార్డు చేసి సాఫ్ట్‌వేర్‌లో పెడతారు. మనం మీట నొక్కితే ఆ దెబ్బ పలుకుతుంది. అలాంటివాటిని నెలల తరబడి దించుకుని వింటున్నాను. దీనికి గుమికి, అదే ఎడమవైపు మోత, బాగాలేదు, దానికి తోలు వాసన లేదు అంటూ ఒక్కదాన్నీ ఖాయం చేసుకోలేదు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుండాది మీ కత," అనేది నా భార్య. "సంబంధాలు చూస్తానే ఉండారు. పెళ్లెప్పుడు?"

చివరికి మూడు మిగిలాయి. మొదటిది చాలా పెద్దది. విదేశాల స్టూడియోల్లో తయారైంది, దెబ్బ కొడితే గుండెలో తగులుతుంది. రెండోదాంట్లో మనం వాయించే పనే లేదు. డోలక్ నడకలు వందలకొద్దీ తయారుగా ఉంటాయి, ఒకటి ఎంచుకుంటే అదే తిరుగుతూ ఉంటుంది. కొనేముందు వాడి చూడమని ఇచ్చారు దాన్ని. మూడోది ఉచితంగా దొరికేది. రెండు మీటలు, రెండు చప్పుళ్లు. డోలక్ అని పేరే గానీ పలికేది నూనె డబ్బా. దాన్ని తీసేయడానికి కూడా బద్ధకించి ఉంచాను.

బుధవారం ఆసుపత్రిలో చేరాలి. మిగిలింది మంగళవారం ఒక్కటే. ఆ పొద్దున కిటికీ మూసి, ఫ్యాన్ ఆపి, అక్కను మైకు ముందు కూర్చోబెట్టాను. కొంగు మీద నుంచే హెడ్‌ఫోన్ పెట్టుకుంది. నా భార్య వేణ్ణీళ్ల చెంబుతో గుమ్మంలో నిలబడింది.

"ఒక్కసారే వదినా. రెండోసారి అంటే నేనే కరెంటు తీసేస్తా."

మొదట పెద్దదాన్నే తెరిచాను. అక్క పల్లవి ఎత్తుకుంది. దెబ్బ పడింది. నా ఒళ్లు జలదరించింది, అంత బాగుంది. పల్లవి తిరగకముందే హెడ్‌ఫోన్లో చిటపటలు మొదలయ్యాయి. తెర బిగుసుకుపోయింది. నా పాత లాప్‌టాప్ అంత బరువు మోయలేకపోయింది.

అక్క పాడుతూనే ఉంది. చెయ్యి ఊపి ఆపాను. ఒక పల్లవి దండగ. ఆమె దగ్గి, నీళ్లు గుక్కెడు తాగి, "ఏమైందిరా?" అని గుసగుసగా అడిగింది.

రెండోదాన్ని తీశాను. పాట వేగం ఇంత అని ఒక అంకె పెట్టి నడక తిప్పాను. పల్లవి కుదిరింది. మొదటి చరణం కుదిరింది. నా భార్య కూడా తల ఊపింది. రెండో చరణంలో అక్క పాటను లేపింది.

చెక్కభజన ఎప్పుడూ ఒకే నడకలో ఉండదు. మెల్లగా మొదలై చరణం చరణానికీ ఉరవడి పెరుగుతుంది. ఎప్పుడు లేపాలన్నది ముందుపాట మనిషి ఇష్టం. డోలక్ వాయించేవాడు ఆమె ముఖం చూసి అందుకుంటాడు. ఈ సంగతి నాకు పసితనం నుంచీ తెలుసు. తెలిసి తెలిసీ లెక్కల మాస్టారి బుద్ధితో వేగానికి ఒక అంకె రాసి కూర్చున్నాను. అక్క ముందుకు పోయింది, డోలక్ ఉన్నచోటే ఉండిపోయింది. దాన్ని లాక్కుపోవాలని ఆమె గొంతు ఇంకా పెంచింది. మెడ మీద నరాలు తేలాయి. అంతలో డోలక్ చటుక్కున మూగబోయింది. కొనని సాఫ్ట్‌వేర్ మధ్య మధ్య అలా మూగబోతుందట. ఆ మాట చదివి కూడా మరిచాను.

అక్క హెడ్‌ఫోన్ తీసింది. "యాడ దొరికిందిరా నీకు ఇది? నేను బిర్న పోతాంటే ఆడనే నిలబడుకోనుండాది. చెవుల్లేవు దీనికి."

ఆ సాఫ్ట్‌వేర్‌లో వేగం ఎక్కడెక్కడ పెరగాలో ముందే రాసి పెట్టొచ్చు. "అక్కా, ఏ మాట దగ్గర లేపుతావో చెప్పు, రాసుకుంటా," అన్నాను.

"నాకేం తెలుసు? లేపేటప్పుడు లేపుతా."

"ఒక్క పాట నిలకడగా పాడలేవా నువ్వు!" అని బల్ల మీద కొట్టాను. అరిచిన తర్వాత తెలిసింది, నా గొంతు అంత పెద్దగా ఉందని. ఆమె బదులు చెప్పబోయింది. మాట సగంలో గాలైపోయింది. మళ్లీ ప్రయత్నించింది, ఈసారి బొంగురుగా వచ్చింది.

"ఇంక చాలు. మనిషి బతికుంటే చాలు, పాట గీట వద్దు," అని నా భార్య మైకు తీగ పట్టుకుంది. నాకు భయమేసింది. ఉన్న కాస్త గొంతునూ నేనే నా సాఫ్ట్‌వేర్లకు ధారపోశాను.

అక్క తీగ మీదున్న ఆమె చెయ్యి తీసేసింది. నన్ను చూసి, "నువ్వే కొట్టు," అంది.

"నాకు రాదక్కా."

"తెలుసులే. కొట్టు."

ఆ ఉచిత నూనె డబ్బా డోలక్‌ను తెరిచాను. ఎడమ చేతికి గుమికి, కుడి చేతికి పైదెబ్బ. ఆమె కళ్లు మూసుకోలేదు, నన్నే చూస్తూ ఎత్తుకుంది. నేను తెర వైపు చూడడం మానేసి ఆమె ముఖమే చూశాను. కనుబొమలు లేస్తే పాట లేస్తుంది. నేను ఆలస్యంగా అందుకుంటున్నాను, తప్పుతున్నాను, మళ్లీ అందుకుంటున్నాను. తప్పినప్పుడల్లా ఇక ఆపేస్తుందేమో అనుకున్నాను. ఆపలేదు. ఆఖరి చరణంలో గొంతు పైకి పోవాలి. అక్కడికి వచ్చేసరికి గొంతు జీర పోయింది, చీలింది, అయినా పైకి పోయింది. పాట దిగింది.

నా భార్య కిటికీ తెరిచింది. అక్క పోయి ముఖం కడుక్కుంది.

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ మంచిదే, క్యాన్సర్ కాదన్నారు, అందుకు దండం పెట్టుకున్నాం. మాట తిరిగి వచ్చింది, కాస్త మగగొంతులా. పాట రాలేదు. జట్టులో ఇప్పుడు వేరే ఆమె ముందుపాట పాడుతోంది. అక్క చెక్కలు పట్టుకుని వెనక వరసలో ఆడుతుంది. దాని గురించి ఎవరైనా జాలిగా మాట్లాడితే కసురుతుంది.

వేసవి సెలవుల్లో లాప్‌టాప్ మార్చాను. ఆ పెద్ద సాఫ్ట్‌వేర్‌నే కొనాలని నిశ్చయించుకున్నాను. అక్క గొంతు వేరుగా, నా డబ్బా వేరుగా రికార్డయి ఉన్నాయి. నా దెబ్బలు తీసేసి, ఆమె గొంతు పోకడనుబట్టి మంచి దెబ్బలు ఒక్కొక్కటే పేర్చొచ్చు. ఆ పాటకు చేయగలిగిన మర్యాద అదే అనుకున్నాను.

ముందు నా డోలక్‌ను మూగ చేసి వట్టి గొంతు విన్నాను. మొదటి చరణంలో ఒకచోట అక్క ఒక అక్షరాన్ని ఉండాల్సిన దానికంటే పొడుగు లాగింది. ఇంకోచోట మాట మధ్యలో సన్నగా ఆగింది. ఊపిరికోసం ఆగిందేమో అనుకున్నాను. నా దెబ్బలను ఆమె గొంతు పక్కన పెట్టి పోల్చి చూశాను. ఆమె సాగదీసిన ప్రతిచోటా నేను తప్పి ఉన్నాను. ఆఖరి చరణంలో, గొంతు చీలుతున్నచోట, పైకి పోయే ముందు కూడా ఆగింది. అక్కడా నేను వెనకబడి ఉన్నాను. నేను అందుకున్నాకనే పైకి పోయింది. గొంతు అయిపోతోందని తెలిసీ దాన్ని నాకోసం ఖర్చు పెట్టింది.

నాకు ఏడుపొచ్చింది. అదే సమయానికి అక్క ఉడకేసిన చెనక్కాయలు పళ్లెంలో పోసుకుని లోపలికి వచ్చింది.

"ఈడ ఆగినావక్కా నువ్వు. ఈడ కూడా. నాకోసం."

"నువ్వు తప్పుతాంటివి. ఆగక ఏం జేద్దును?" అంది, కాయ ఒలుస్తూ.

"ఆ మాత్రం గొంతే ఉన్నింది కదా నీకు."

"ఉన్నింది. అయితే? నిన్ను ఆడ ఇడిసిపెట్టి నేనొక్కదాన్నే యాడికి పోదును?" అని పళ్లెం నా వైపు జరిపింది. "డోలక్ ల్యాకుండా ఏమి పాటరా అది, చప్పగా. పెట్టు."

నా డబ్బా దెబ్బలు మళ్లీ పెట్టాను. అక్క మూట మీద కూర్చుని తొడ మీద తాళం వేసుకుంటూ వింది. నేను ఎక్కడెక్కడ తప్పానో ఆమె చేతికి తెలుసు. అక్కడ ఆగి, నేను వచ్చాక వేసింది.