సొలొమోను గారూ, సినిమాలో కప్పా

సొలొమోను గారికి ఈ భూమ్మీద ఏదీ నచ్చదు. నచ్చనిదాన్ని వదిలేసి ఊరుకునే రకమూ కాదు. దాన్ని ఓపిగ్గా ఆఖరిదాకా అనుభవించి మరీ తిడతారు. పెళ్ళిరోజున చర్చిలో కొత్త పెళ్ళికూతురు మార్తమ్మ చెవిలో ఆయన చెప్పిన మొదటి ముచ్చట, "పాస్టరు గారి ప్రసంగం మధ్యలో సాగింది, కత్తెర పడాలి" అని. ఆవిడ అప్పుడే లేచి పారిపోవాల్సింది. పట్టుచీర అడ్డం వచ్చి ఉండిపోయింది.

రైల్వేలో టికెట్ కలెక్టరుగా రిటైరయ్యాక ఆయన దృష్టి సినిమాల మీద పడింది. శుక్రవారం పొద్దున్నే భవానీపురంలో ఆటో ఎక్కితే, గాంధీనగర్‌లో మొదటాట. ఆట వదలగానే హాలు ముందు యూట్యూబ్ చానళ్ళ కుర్రాళ్ళు మైకులు పట్టుకుని కాచుకుని ఉంటారు. కుర్రకారు "బొమ్మ బ్లాక్‌బస్టర్!" అని గొంతులు చించుకుంటుంటే, ఈయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. అది చూడగానే మైకులన్నీ ఇటు తిరుగుతాయి. ఆయన తిట్లకి వచ్చినంతమంది ఆ సినిమాలకి రారు.

ఒక్కటే నియమం. టికెట్ కొని, మొదటి నుంచి చివరిదాకా చూసిన హాలు ముందే నోరు విప్పుతారు. "ఒక హాల్లో చూసి ఇంకో హాలు ముందు మాట్లాడటమంటే, గుంటూరు టికెట్టుతో ఏలూరు బండెక్కడమే" అంటారు.

అలాంటి మనిషి దారిలోకి వచ్చిపడింది 'గుమ్మడిపండు రాకుమారి'. ఐదొందల కోట్లట! మన అమ్మమ్మలు పిల్లలకి పెరుగన్నం తినిపిస్తూ, గిన్నె ఖాళీ అయ్యేలోగా ముగించేసే కథ. రాక్షసి రాకుమారిని గుమ్మడిపండులో దాస్తుంది, చెరువులో కప్ప ఆ రహస్యం రాకుమారుడికి చెబుతుంది. అంతే. దాన్ని మూడుంబావు గంటలు తీసి, చివర్లో రెండో భాగం కూడా ఉందని బెదిరించారు. రాకుమారుడి వేషం కట్టిన హీరోగారిది అల్లుణ్ణి వెతుక్కునే వయసు.

ఇదంతా మార్తమ్మకి అనవసరం. ఆవిడ బెంగంతా కప్ప గురించే. ఆ కప్పకి గొంతిచ్చింది పై అంతస్తులో ఉండే ఇశ్రాయేలు గారి కూతురు జెస్సికా. ఆ పిల్ల ఇన్నాళ్ళూ డబ్బింగుల్లో "పట్టుకోండి, పట్టుకోండి" అని అరిచే గుంపులో ఒక గొంతు. మొదటిసారి ఒక పాత్ర దొరికింది. శుక్రవారం టాక్ చూసి తర్వాతి అవకాశం సంగతి చెబుతామన్నారు స్టూడియో వాళ్ళు. అది దక్కకపోతే బుద్ధిగా బి.ఎడ్.లో చేరాలని తండ్రి షరతు.

గురువారం సాయంత్రం ఇశ్రాయేలు గారే మెట్లు దిగి వచ్చారు.

"అన్నయ్యగారూ, రేపు హీరోని ఏమైనా అనండి. మా కప్ప జోలికి మాత్రం..."

"బాగుంటే బాగుందంటాను."

"మీరెప్పుడన్నారండీ ఆ మాట?"

"ఎప్పుడు బాగుందండీ?"

ఆయన వెళ్ళాక మార్తమ్మ నడుం బిగించింది. "ఇదిగో, ఆ పిల్లని ఒక్క మాటన్నారా, రేపట్నుంచి మీ వంట మీదే."

"అదేమంత నష్టం?" అన్నారు సొలొమోను గారు.

శుక్రవారం పదిగంటలకల్లా రివ్యూలు వచ్చిపడ్డాయి. ఒకరు ఐదుకి ఒకటిన్నర ఇచ్చారు. ఇంకొకరు, ఆ అర ఎందుకని వాళ్ళని నిలదీశారు. అభిమానులు, చూసేవాళ్ళకి బుర్ర లేదన్నారు. నిర్మాత గారు, ఇది కుటుంబమంతా చూడాల్సిన సినిమా అన్నారు. చూసొచ్చిన కుటుంబాలు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. పదకొండుకల్లా ఇంటికి రావాల్సిన సొలొమోను గారు రాలేదు. ఫోనేమో స్విచాఫ్. ఎవరో హీరో అభిమాని చెయ్యి చేసుకున్నాడేమోనని మార్తమ్మకి అన్నం సయించలేదు.

నాలుగున్నరకి ఇశ్రాయేలు గారు ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. "వదినగారూ, చూడండి!"

ఫోన్లో సొలొమోను గారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"సినిమా ఎలా ఉంది సార్?"

"హీరోగారు గుర్రం ఎక్కుతారు, దిగుతారు, మళ్ళీ ఎక్కుతారు. ఆ గుర్రం ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది. రాక్షసి ఎందుకు అరుస్తోందో దానికే తెలీదు."

"బాగున్నదేదీ లేదా సార్?"

మార్తమ్మ కళ్ళు మూసుకుంది.

"కప్ప ఉంది. మొత్తం సినిమాలో మనిషిలా మాట్లాడింది అదొక్కటే. ఆ గొంతు ఎవరిదో గానీ, హీరోగారికి కూడా ఆ పిల్ల చేతే చెప్పించాల్సింది."

"ఎవరిదో గానీ అన్నారు చూశారా!" అన్నారు ఇశ్రాయేలు గారు, కళ్ళు తుడుచుకుంటూ. "తన పై అంతస్తు పిల్లేనని చెబితే ఆ మెచ్చుకోలు ఎవరు నమ్ముతారు!"

ఆ ముక్క అప్పటికే ఊరంతా తిరుగుతోంది. సాయంత్రానికి రివ్యూలు రాసినవాళ్ళు కూడా, తమకి ముందే తెలిసినట్టు, కప్ప గురించి ఒక వాక్యం చేర్చుకున్నారు. ఆరింటికి స్టూడియో వాళ్ళు ఫోన్ చేశారు. సోమవారం వచ్చి కలవమన్నారు, ఈసారి హీరోయిన్ స్నేహితురాలి పాత్రట.

జెస్సికా సంతోషంతో మెట్ల మీద గెంతుతుంటే, మార్తమ్మ మాత్రం వీడియోల దగ్గరే ఆగిపోయింది. మొత్తం మూడున్నాయి. ఒకదాంట్లో వెనక గాంధీనగర్ హాలు, ఒకదాంట్లో బెంజి సర్కిల్ దగ్గరి మాల్, ఇంకోదాంట్లో వన్‌టౌన్ పాత హాలు. అవే తిట్లు, అదే కప్ప, అదే చొక్కా. మూడోచోటికి వచ్చేసరికి చొక్కా నలిగి ముడతలు పడింది.

ఏడింటికి ఆయన ఇంట్లోకి వచ్చి కుర్చీలో కూలబడ్డారు.

"మూడుసార్లు చూశారా ఆ సినిమాని!"

"మొదటి హాల్లో సౌండు బాలేదు."

"రెండోచోట?"

"ఏసీ మరీ ఎక్కువ."

"మూడోచోట?"

"కాఫీ ఇస్తావా, ఇవ్వవా?"

ఇచ్చింది. నీళ్ళలా ఉందన్నారు. ఆవిడకి ఆ పూట కోపం రాలేదు, ముద్దొచ్చాడు మొగుడు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇశ్రాయేలు గారు చర్చి గుమ్మంలోనే అందర్నీ ఆపేశారు. అపార్టుమెంటు మొత్తానికీ మ్యాట్నీకి టికెట్లు తీశారట.

"పెదనాన్నగారూ, మీరు రాకపోతే నేనూ వెళ్ళను" అంది జెస్సికా.

సొలొమోను గారి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "సరే తల్లీ" అన్నారు.

హాల్లో దీపాలు ఆరాయి. హీరోగారు గుర్రమెక్కగానే సొలొమోను గారు జేబులోంచి దూది తీసి రెండు చెవుల్లోనూ కుక్కుకున్నారు. మార్తమ్మ ఓరగా చూస్తూనే ఉంది. కాసేపటికి ఆయన ఉన్నట్టుండి దూది తీసి ఒళ్ళో పెట్టుకుని ముందుకి వంగారు. తెరమీద ఇంకా అడవే ఉంది, కప్ప జాడే లేదే అనుకుంది మార్తమ్మ. అంతలో చెరువొచ్చింది, కప్ప నోరు తెరిచింది. చీకట్లో సొలొమోను గారి పెదాలు దాని మాటలతో పాటే కదులుతున్నాయి.

కప్ప మునిగిపోయింది. హీరోగారు మళ్ళీ గుర్రమెక్కారు. సొలొమోను గారు దూది కోసం ఒళ్ళో తడుముకున్నారు. అది అప్పటికే మార్తమ్మ చెవుల్లో ఉంది.